యాభై ఏళ్ళు నిండిన టీ హోటలు

సోమవారం సాయంత్రం "గురవయ్య హోటలు నశించాలి" అని అరిచిన గొంతే, మంగళవారం పొద్దున్నే వచ్చి "గురవయ్య హోటలు వర్ధిల్లాలి" అని అరిచింది. పొయ్యి దగ్గర పాలు కలియబెడుతున్న అంకబాబు ఉలిక్కిపడి గరిటె వదిలేశాడు. నిన్నటి ధర్నా కోసం రుబ్బిన వడల పిండి ఇంకా మిగిలే ఉంది.

ఆ గొంతు పేరయ్యది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. ఆచార పరిరక్షక పక్షం పుట్టిననాటి నుంచీ దానికి నినాదాలిచ్చేది ఆయనే. కంచరగుంటలో ఆ పక్షం ఏటా, హోటలు పుట్టినరోజుకి ముందురోజు, తప్పకుండా ధర్నా చేస్తుంది. రోడ్డు మీద నిలబడి హోటలు నశించాలని కాసేపు అరిచి, గొంతులెండాక లోపలికొచ్చి, వడలూ టీలూ కానిచ్చి, "వస్తాం అంకబాబూ" అని మర్యాదగా చెప్పి వెళ్తారు. ఏడాది మొత్తంలో అంత గిరాకీ ఉన్న రోజు మరొకటి లేదు. ఒక ఏడు తుపానొచ్చి ధర్నా ఆగిపోతే అంకబాబు, తనని మర్చిపోయారేమోనని నొచ్చుకున్నాడు కూడా.

ధర్నా ఎందుకో ఇప్పటి కుర్రకారుకి తెలియదు. అంకబాబు తండ్రి గురవయ్య ఆ హోటలు పెట్టకముందు ఊళ్ళో టీ కొట్లలో రెండు రకాల గ్లాసులుండేవి. లోపల కూర్చునే వాళ్ళకి గాజువి. ఊరవతలి పల్లెవాళ్ళకి బయట చూరులో దోపిన సత్తువి. వాళ్ళు తామే తీసుకుని, నిలబడి తాగి, తామే కడిగి, మళ్ళీ చూరులో దోపి పోవాలి. గురవయ్య ఒకే బల్ల వేశాడు, ఒకే రకం గ్లాసులు పెట్టాడు, ఎవరొచ్చినా ఆ బల్ల మీదే కూర్చోమన్నాడు. దాంతో ఊరిపెద్ద కొమరగిరి పట్టాభిరామయ్యగారి కళ్ళకి ఆచారం మంటగలిసిపోతున్నట్టు కనిపించింది. దాన్ని కాపాడ్డానికి ఆయన అప్పటికప్పుడు ఒక పక్షం స్థాపించి, హోటలు తెరిచిన మూడోరోజున మందిని వెంటేసుకొచ్చి రాళ్ళేయించారు. ఒక రాయి గురవయ్య నుదుటికి తగిలింది. ఆ మచ్చతోనే ఆయన బతికాడు, ఆ మచ్చతోనే పోయాడు.

అలాంటి పక్షం రాత్రికి రాత్రి వర్ధిల్లమని దీవించడానికి వెనక పెద్ద మేధోమథనమే జరిగింది. ఆ మధ్య ఒక టీవీ చర్చలో, ఇంతకీ మీరు పరిరక్షించే ఆచారం ఏమిటని ఎవరో అడిగారు. పక్షం తరఫున ముగ్గురు నాయకులు కూర్చున్నారు. పంచెకట్టు అన్నాడు మొదటాయన, ప్యాంటు సర్దుకుంటూ. ఉమ్మడి కుటుంబం అన్నాడు రెండో ఆయన. ఆయనకి సొంత అన్నతో కోర్టులో దావా నడుస్తోంది. మూడో ఆయన చాలాసేపు ఆలోచించి, గోలీసోడా అన్నాడు.

ఇలా అయితే లాభం లేదని పక్షం 'ఆచార నిర్ధారణ ఉపసంఘం' వేసింది. దానికి సంచాలకుడు డాక్టర్ సూర్యప్రభాకరం. ఆయన దేనిలో డాక్టరో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆయన సముద్రం ఒడ్డున ఒక చల్లని రిసార్టులో కూర్చుని దేశమంతా మథించి ఒక సూత్రం తీశాడు: యాభై సంవత్సరములు నిండినది ఆచారము, నిండనిది దురాచారము. ఏ ఎండకా గొడుగు పడుతున్నారని జనం అనకుండా, గొడుక్కి శాస్త్రప్రమాణం సంపాదించారన్నమాట.

సూత్రం బాగానే పనిచేసింది. ఒకప్పుడు పక్షం కార్యకర్తలు బజార్లో కుర్రాళ్ళని ఆపి బెల్‌బాటం ప్యాంట్లు కత్తెరలతో కత్తిరించారు. ఇప్పుడు యువజన విభాగం అదే బెల్‌బాటం వేసుకుని కవాతు చేస్తోంది. ఆడపిల్లల కాలేజీ వద్దని పట్టాభిరామయ్యగారు నిరాహారదీక్ష చేశారు. ఇప్పుడు ఆ కాలేజీని కూలగొట్టొద్దని ఆయన మనవడు, అదే అరుగు మీద, అదే భంగిమలో నిరాహారదీక్ష చేశాడు. దీక్ష రెండుసార్లూ నిమ్మరసంతోనే ముగిసింది.

ఆ మనవడే ఇప్పటి అధ్యక్షుడు, కొమరగిరి విక్రాంత్ పట్టాభి. కారు దిగి, అంకబాబు మెళ్ళో బంతిపూల దండ వేసి, ఫొటోకి నవ్వాడు. డాక్టర్ సూర్యప్రభాకరం గొంతు సవరించుకున్నాడు.

"ఉపసంఘం సమగ్రంగా పరిశీలించి, సంతృప్తి చెంది, ఈ హోటలును ఆచారంగా ప్రకటించుటకు సంతోషించుచున్నది. నిన్న సాయంత్రం దాకా ఇది దురాచారం, కాబట్టి ధర్నా సక్రమం. నేటితో యాభై ఏళ్ళు నిండాయి, కాబట్టి దండ సక్రమం. పక్షం తన మాట ఎన్నడూ మార్చలేదని గమనించగలరు."

అంకబాబు మెళ్ళో దండ సర్దుకున్నాడు. తండ్రి పేరు వాళ్ళ నోట మంచిగా వినడం అదే మొదలు. కళ్ళు చెమర్చాయి కూడా.

"శానా సంతోషవండీ. మా నాయన ఉంటే బాగుండు," అన్నాడు. "ఒక చిన్న సంగతండీ. మా ఇంటిదానికి దగ్గు. పొగ పడటంలా. ఇయ్యాల గ్యాసు పొయ్యి బిగించేవోడు వస్తన్నాడు. తవరు కాసేపు ఎడంగా నిలబడితే..."

లోపల ఊదుగొట్టంతో కట్టెలు రాజేస్తున్న రవణమ్మ సరిగ్గా అప్పుడే దగ్గు తెరలో పడి గోడ పట్టుకుంది. ఇంకో వానాకాలం ఈ పొగలో ఉంటే ఊపిరితిత్తులు మనమాట వినవని గవర్నమెంటు ఆస్పత్రి డాక్టరు చెప్పి నెల దాటింది. నలభయ్యేళ్ళు తన పక్కన నిలబడ్డ మనిషి రాత్రిళ్ళు కూర్చుని నిద్రపోతుంటే అంకబాబుకి భయం వేస్తోంది.

"కట్టెల పొయ్యి ఆచారంలో అంతర్భాగం. దాన్ని తొలగించరాదు," అన్నాడు సూర్యప్రభాకరం.

"మరి దీని దగ్గో?"

"ఎప్పటినుంచి?"

"రెండేళ్ళ నుంచండీ."

"అయితే దురాచారం. మానుకోమనండి."

"కప్పు కూడా కారతందండీ, వానొస్తే."

డాక్టరు పైకి చూశాడు. "కారడం ఇటీవలిది కనుక ఖండిస్తున్నాం. బాగుచేయడం దానికన్నా ఇటీవలిది అవుతుంది కనుక అనుమతించలేం."

హోటలు చుట్టూ బెల్‌బాటం కుర్రాళ్ళని కాపలా పెట్టి నాయకులు వెళ్ళిపోయారు. మధ్యాహ్నం పొయ్యి తెచ్చిన మనిషిని ఆ కుర్రాళ్ళు ఆచారానికి జై అంటూ రోడ్డు చివరిదాకా సాగనంపొచ్చారు.

"రాళ్ళేసినప్పుడే నయం," అంది రవణమ్మ, దండకేసి చూస్తూ. "మన పొయ్యి జోలికి రాలా."

బుధవారం అంకబాబు రెండో పక్షం ఆఫీసుకి వెళ్ళాడు. దాని పేరు సమతా పురోగామి పక్షం. అప్పట్లో గురవయ్య హోటల్లో మొదటి టీ తాగింది దాని వ్యవస్థాపకుడే. ఆయన బల్ల మీద కూర్చుని టీ తాగుతున్న ఫొటో ఇప్పటికీ ఆఫీసులో, ఏసీ మిషను పక్కన వేలాడుతోంది. కనుక న్యాయం ఇక్కడ దొరక్కపోతే ఇంకెక్కడా దొరకదని అంకబాబు లెక్క.

కార్యదర్శి తూములూరి భాస్కరం అంతా శ్రద్ధగా విని, నిట్టూర్చాడు.

"గ్యాసు పొయ్యి మీ హక్కు. ఇస్తాం. మేమే ఇస్తాం. కానీ అంకబాబుగారూ, మిమ్మల్ని ఒకటడగాలి. ఇంకా ఆ ఒకే గ్లాసు దగ్గరే ఆగిపోయారేమిటి?"

"అదే గదండీ మీ పెద్దాయన మెచ్చుకుంది?"

"అప్పుడు మెచ్చుకున్నారు. అది తొలిదశ. ఉన్నచోటే ఉంటే పురోగమనం ఎలా అవుతుంది? ఒకే గ్లాసులో అందరి అస్తిత్వాలూ కరిగిపోతున్నాయని మా మేధావుల విభాగం తేల్చింది. అందుకని మలిదశలోకి వచ్చాం." భాస్కరం బల్ల సొరుగు లాగి రంగురంగుల ప్లాస్టిక్ గ్లాసులు వరసగా పేర్చాడు. "ఆత్మగౌరవ గ్లాసు పథకం. ఒక్కో సామాజిక వర్గానికి ఒక్కో రంగు. ఎవరి గ్లాసు వాళ్ళదే. ఎవరి గూడు వాళ్ళదే. ఎవరూ ఎవరిదీ ముట్టుకోరు. ఎంత గౌరవం!"

అంకబాబు ఒక గ్లాసు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"అయ్యా, మా నాయన దెబ్బ తిన్నది ఈ వేరే గ్లాసులు తీసెయ్యడానికే గదా?"

"అది పాత వేరు, అంకబాబుగారూ," అన్నాడు భాస్కరం ఓర్పుగా. "ఇది కొత్త వేరు. మీరు పథకంలో చేరితే చాలు, పొయ్యి సాయంత్రానికల్లా హోటల్లో ఉంటుంది. ఆ కుర్రాళ్ళ సంగతి మా కుర్రాళ్ళు చూసుకుంటారు."

అబద్ధమెందుకు, అంకబాబుకి ఆశ పుట్టింది. గ్లాసు రంగుదే అయితేనేం, ఆవిడ రాత్రిపూట పడుకుని నిద్రపోతే చాలుననిపించింది. దారి పొడుగునా ఆ మాటే తనకి తాను చెప్పుకుంటూ, సిగ్గుపడుతూ ఇంటికొచ్చి పెళ్ళానికి చెప్పాడు. రవణమ్మ మంచం మీద కూర్చుని, మధ్య మధ్య ఆగుతూ సమాధానమిచ్చింది.

"మా అమ్మ ఆ సత్తు గ్లాసు కడిగి చూరులో దోపటం నేను చూశా. ఆ రంగు గ్లాసుల్లో టీ పోసి, వాళ్ళిచ్చిన పొయ్యితో నేను ఊపిరి పీల్చుకోవాల్నా? నాకొద్దు. ఇంకేదన్నా దారి జూడు."

ఇంకేదన్నా దారి చూసేలోపల గోరుచుట్టు మీద రోకటిపోటులా గురువారం తెల్లవారింది. డాక్టర్ సూర్యప్రభాకరం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం కొత్త నక్షత్రం కనుక్కున్నవాడిలా వెలిగిపోతోంది.

"ఒక ముఖ్యమైన అంశం మా దృష్టి నుంచి తప్పిపోయింది. హోటలు తెరిచిన మూడోరోజున దానిమీద రాళ్ళేశారు. హోటలుకి మంగళవారం యాభై నిండాయి. రాళ్ళకి ఇవాళ నిండుతున్నాయి."

"అయితే?" అన్నాడు అంకబాబు.

"రాళ్ళేయడం కూడా ఆచారమే. హోటలును కాపాడటం మా ధర్మం, దానిమీద రాళ్ళేయడమూ మా ధర్మం. పక్షం రెంటినీ సమదృష్టితో చూస్తుంది. ఇకమీదట ఏటా ఈ రోజున శిలాప్రక్షేపణ మహోత్సవం. సాయంత్రం అధ్యక్షులవారే స్వయంగా ప్రారంభిస్తారు. మీరు గుమ్మంలో నిలబడితే చాలు."

"నాకు తగులుద్దండీ!"

"తగలాలి. తగలకపోతే ఉత్సవం నిష్ఫలం. భయపడకండి, గుండ్రటి రాయి ఎంపిక చేశాం. దెబ్బకి పసుపు అద్దుతాం. కుట్లు మాత్రం వేయించలేం, అప్పట్లో మీ నాన్నగారికి వేయలేదు."

సాయంత్రానికి రోడ్డంతా పందిరి వేశారు. మైకులో పాటలు. బెల్‌బాటం కుర్రాళ్ళు రెండు జట్లు: ఒక జట్టు హోటలుకి కాపలా, ఇంకో జట్టు చేతుల్లో రాళ్ళు. పురోగామి పక్షం వాళ్ళు కూడా నల్లజెండాలతో వచ్చారు. చేత్తో రాయి వేయడం వెనకబాటుతనమని, యంత్రంతో వేయాలని వాళ్ళ డిమాండు. పెళ్ళికి వచ్చినట్టు ఊరంతా వచ్చింది. అంకబాబు గుమ్మంలో నిలబడ్డాడు. పారిపోదామంటే హోటలు వదిలెయ్యాలి, హోటలు వదిలేస్తే మందులకి కూడా గతి లేదు.

సూర్యప్రభాకరం పద్ధతి గల మనిషి. ఉత్సవం వెంట్రుకవాసి తేడా రాకుండా జరగాలని, ఆనాటి ప్రత్యక్షసాక్షి పేరయ్యని మైకు ముందుకి పిలిచాడు. విక్రాంత్ పట్టాభి పట్టుపంచె కట్టుకుని, గుండ్రటి రాయి పట్టుకుని, ఫొటోలకి చెయ్యెత్తి నిలబడ్డాడు.

"అట్టా గాదు బాబూ," అన్నాడు పేరయ్య. "మీ తాత తన చేత్తో ఏసేవోడు గాదు, ఏపిచ్చేవోడు."

"మరి వేసిందెవరు?" అన్నాడు సూర్యప్రభాకరం, కాగితం తీసి.

పేరయ్య అంకబాబుకేసి చూడలేకపోయాడు. "నేనే. కుర్రతనం. పెద్దాయన చెప్పాడు, ఏశా. గురవయ్యకి తెలుసు. తెలిసే యాభయ్యేళ్ళూ... ఆయనా, తరవాత ఈ బాబూ... టీ పోశారు."

అంకబాబు పేరయ్యకేసి తిరిగాడు. నాన్న ఒక్కనాడూ ఆ పేరు చెప్పలేదు. కోపం రావాలి, రాలేదు. నాన్న మీద ప్రేమ మాత్రం ముంచుకొచ్చింది.

"తరవాత? రాయి తగిలిన తరవాత ఏం జరిగింది? క్రమం తప్పకుండా చెప్పండి," అన్నాడు సూర్యప్రభాకరం.

"తరవాతేవుంది. గురవయ్య నెత్తురు తుడుసుకుని లోపలికి బొయ్యి, గ్లాసులు కడిగే వేణ్ణీళ్ళ గంగాళం ఎత్తుకొచ్చి పెద్దాయన నెత్తిన కుమ్మరించాడు. పెద్దాయన కెవ్వుమని పంచె ఎగ్గట్టుకుని పరుగు. అదుగో, ఆ కిరసనాయిలు కొట్టు ముందర మురిక్కాలవలో బడ్డాడు. మేం నలుగురం కాళ్ళు బట్టుకుని లాగాం."

మైకులో ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది. తరవాత వెనక వరసల్లోంచి కిసుక్కున ఒక నవ్వు, దాని వెనక పది నవ్వులు.

సూర్యప్రభాకరం మాత్రం నవ్వలేదు. రాసుకుంటున్నాడు. "గంగాళం. పరుగు. పతనం. అన్నీ అదే రోజు కనుక అన్నింటికీ యాభై నిండాయి. మురుగు కాలువ ఇప్పుడుందా?"

"ఎందుకు లేదూ," అన్నాడు పేరయ్య, "అప్పటికన్నా లోతయ్యింది గూడా."

"డాక్టరు గారూ!" విక్రాంత్ పట్టాభి గొంతు కీచుగా వచ్చింది. "అది అవసరమా?"

"అధ్యక్షా, ఆచారంలో మనకి నచ్చింది ఉంచుకుని నచ్చనిది వదిలేయడం ఎదుటి పక్షం పద్ధతి. మన పద్ధతి కాదు."

అంకబాబు వెనక్కి తిరిగి చూశాడు. లోపల రవణమ్మ అప్పటికే పెద్ద గిన్నె పొయ్యి మీదికి ఎక్కించింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఇంకో కట్టె పొయ్యిలోకి తోసింది.

"నేను సిద్ధమేనండీ," అన్నాడు అంకబాబు వినయంగా. "ముందు రాయి కానియ్యండి. నీళ్ళు మరుగుతున్నయ్యి."

"కట్టెల పొయ్యి గదా," అంది రవణమ్మ లోపల్నించి, "బాగా మరుగుతయ్యి."

పక్షం అత్యవసర సమావేశం కారులోనే, అద్దాలెత్తుకుని జరిగింది. బయటికి వచ్చేసరికి తీర్మానం సిద్ధంగా ఉంది. ఆచారాన్ని మరింత లోతుగా అర్థం చేసుకోవలసిన చారిత్రక అవసరం ఏర్పడినందున, ఇకమీదట యాభై ఏళ్ళు చాలవు. డెబ్భై అయిదు నిండాలి. సూర్యప్రభాకరం తన సూత్రాన్ని తానే సవరించి చదువుతుంటే ఆయన గొంతులో, కన్నబిడ్డకి మారుపేరు పెడుతున్న తండ్రి బాధ వినిపించింది. కానీ చదివాడు.

అంటే గురవయ్య హోటలు మళ్ళీ దురాచారమైంది. రాళ్ళు, గంగాళం, కాలువ, అన్నీ దురాచారాలే. పందిరి విప్పేశారు. కాపలా కుర్రాళ్ళు కూడా వెళ్ళిపోయారు. నశించవలసిన హోటల్లో ఏ పొయ్యి ఉంటే పక్షానికేం? మర్నాడు పొద్దున గ్యాసు పొయ్యి వచ్చింది. వారం తిరిగేసరికి కప్పు మీద కొత్త రేకులు పడ్డాయి. రవణమ్మ రాత్రిపూట పడుకుని నిద్రపోతోంది. తిట్టేవాళ్ళ నీడలో ఉన్నంత చల్లగా మెచ్చుకునేవాళ్ళ నీడలో ఉండదని అంకబాబుకి తెలిసొచ్చింది.

కథ అక్కడ ఆగితే బాగుండేది. కానీ సూర్యప్రభాకరం ఊరుకునే మనిషి కాదు. డెబ్భై అయిదేళ్ళ కిందట ఊళ్ళో ఏముండేదో శోధించడం మొదలుపెట్టాడు. పెద్దగా శోధించనక్కరలేకపోయింది. టీ కొట్ల చూరులో వేరే గ్లాసులు దొరికాయి. అసలుసిసలు ఆచారం అదేనని పక్షం ఆనందబాష్పాలు రాల్చింది. ఇంతలో పురోగామి పక్షం గోడౌన్లో రంగు గ్లాసులు ఎవరూ తీసుకోక దుమ్ము కొట్టుకుపోతున్నాయి. పుట్టిననాటి నుంచీ ఏ ఒక్క విషయంలోనూ కలవని రెండు పక్షాలూ మొదటిసారి ఒక అవగాహనకి వచ్చాయి. ఒకరు దాన్ని అతి ప్రాచీన ఆచారమన్నారు, ఇంకొకరు అత్యాధునిక సంస్కరణ అన్నారు. గ్లాసు మాత్రం ఒకటే.

ప్రారంభోత్సవానికి విక్రాంత్ పట్టాభీ తూములూరి భాస్కరమూ భుజం భుజం కలుపుకుని అంకబాబు హోటలుకే వచ్చారు. దురాచారం పుట్టినచోటే ఆచారం పుట్టాలని ఒకరు, తొలిదశ జరిగినచోటే మలిదశ జరగాలని ఒకరు. ఎవరి రంగు గ్లాసు వాళ్ళు చేత్తో పట్టుకుని, ఎడం పాటించి నిలబడి, "టీ పొయ్యవయ్యా," అన్నారు.

అంకబాబు పొయ్యి కట్టేశాడు.

"పాలు లేవండీ."

"అవేమిటి మరి?" అన్నాడు భాస్కరం, గిన్నె చూపించి.

"పాలే. తవరికి లేవు." అంకబాబు గిన్నె మీద మూత పెట్టాడు. "ఆ గ్లాసులు అవతల పారేసి, ఈ బల్ల మీద కూచుంటే ఉంటయ్యి. అప్పుడైనా ఇప్పుడైనా ఈడ పద్ధతి అంతే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, కారెక్కారు. సాయంత్రానికి హోటలు గోడ మీద రెండు నోటీసులు పడ్డాయి. సందర్భశుద్ధి లేని కొత్త పోకడలతో ఊరి ఆచారాన్ని చెరుపుతున్నందుకు అంకబాబుని ఒక పక్షం ఖండించింది. కాలం చెల్లిన పాత భావాలతో ఊరి ప్రగతికి అడ్డుపడుతున్నందుకు రెండో పక్షం ఖండించింది. రెండూ ఒకే ప్రెస్సులో, ఒకే రంగు కాగితం మీద అచ్చయ్యాయి.

అంకబాబు కళ్ళజోడు పెట్టుకుని రెండింటినీ బయటికి చదివాడు.

"ఇంతకీ నువ్వు కొత్తోడివా, పాతోడివా?" అంది రవణమ్మ.

"నాకేం తెలుసే. నేను ఈడనే గదా ఉండా. అటూ ఇటూ తిరిగేది వాళ్ళు."

రవణమ్మ ముందు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తరవాత కొంగు తీసేసి పగలబడి నవ్వింది. అంకబాబు అలవాటుగా మంచినీళ్ళ చెంబు అందుకుని పక్కన నిలబడ్డాడు. ఆమె నవ్వుతూనే ఉంది, దగ్గు రాలేదు.